దౌరాకు పోయిన మేక

పర్యాటక రంగం అన్న మాట ఎక్కడ వినబడ్డా నాకు ఒక నల్ల మేక గుర్తుకొస్తుంది. దాని కుడి చెవి మీద తెల్లటి మచ్చ ఉండేది. మొన్న ఒక సభలో ఎవరో పెద్దమనిషి మాట్లాడుతూ, సందర్శకులను రప్పించుకోవడంలో ఆఫ్రికా దేశాలు మనకంటే ముందుకు పోయాయని, అతిథి మర్యాదలో మాత్రం మనను మించినవాళ్ళు లేరని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వయసు మీద పడ్డదాన్ని, సభలో లేచి అరిస్తే బాగుండదని ఊరుకున్నాను. ఊరుకున్నాను గానీ ఆ మాట మింగుడుపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు దేవరకొండ తాలూకాలోది. పేరు రాయను. ఆనాటి పటేలు మనుమలు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. మంచివాళ్ళు, నేను పోతే కూర్చోబెట్టి చాయ్ పోస్తారు. తాత చేసిన పనికి వాళ్ళను బజారున పెట్టడం నాకిష్టం లేదు. ఊరి వెనక ఒక గుట్ట, గుట్ట మీద సగం కూలిన కోట గోడలు, రాతి సందుల్లో చలికాలం దాకా నిలిచే నీళ్ళు. దేవరకొండ ఖిల్లాకు ఉన్నంత పేరు మా గుట్టకు లేదు. మేకలు కాసేవాళ్ళు, సీతాఫలాలు తెంపుకునేవాళ్ళు తప్ప దాని ముఖం చూసేవాళ్ళు లేరు.

సాగర్ దగ్గర డ్యాం కడుతున్న రోజులవి. దాన్ని చూడటానికి దేశదేశాల వాళ్ళు వస్తుండేవారు. నేను దేవరకొండలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఊళ్ళోనే ఉండి చిన్న మెట్ట చెలకను, ఉన్న కాసిని మేకలను చూసుకునేది. ఆ ఏడు అక్కకు క్షయ పట్టింది. పట్నంలో దవాఖానలో చేర్చారు. నెలల పిల్లవాణ్ణి తల్లి దగ్గర ఉంచవద్దని డాక్టర్లు చెబితే, బావ వాణ్ణి తెచ్చి అమ్మ చేతిలో పెట్టిపోయాడు. బర్రె పాలు పోస్తే కక్కేవాడు. ఆవు పాలు ఊళ్ళో దొరికేవి కావు. చివరికి మేక పాలు వాడికి పట్టాయి. ఆ మేకే ఈ మేక. దాని పిల్లను నక్క ఎత్తుకుపోయింది కాబట్టి దాని పాలన్నీ వాడికే. పిల్లవాడి ప్రాణం ఆ మేక పొదుగులో ఉందని అమ్మ అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

జొన్న కోతలు అయిపోయి, ఆముదపు గెలలు కోస్తున్న రోజుల్లో పట్నం నుంచి ఒక ఆఫీసరు మా బడికి వచ్చాడు. కొత్తగా స్వతంత్రం వచ్చిన ఆఫ్రికా దేశాల నుంచి కొందరు అధికారులు వచ్చారని చెప్పాడు. తమ దేశాలకు యాత్రికులను ఎట్లా రప్పించాలి, వచ్చినవాళ్ళకు ఏమి చూపాలి, ఎట్లా చూసుకోవాలి, ఇవన్నీ తెలుసుకోవడానికి వాళ్ళు దేశాలు తిరుగుతున్నారట. పెద్ద పెద్ద పట్నాలు చూపడం అయిపోయింది. ఇక సాగర్‌కు పోయే దారిలో ఒక పల్లెను, ఒక కోటను చూపి, పల్లె భోజనం పెట్టించాలని ఈయన ఆలోచన. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు కనుక ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చిన ఆడమనిషి తోడు కావాలన్నాడు. ఆ పల్లె మా ఊరేనని తెలిసి నాకు పట్టరాని సంతోషమైంది. నాతో నాలుగు మాటలు మాట్లాడించి చూశాడు.

"మీ తెలుగు కంటే మీ ఇంగ్లీషే నయంగా ఉందండీ," అని నవ్వాడు.

కోస్తా వైపు మనిషి. ఆ రోజుల్లో అట్లాంటి మాట పడని తెలంగాణ పంతులమ్మ ఎవరున్నారు గనుక? దులుపుకుని ఊరుకున్నాను.

ఆయన మా ఊరి పటేలును పిలిపించి చెప్పింది ఇంతే. "ఆఫ్రికా నుంచి ఆఫీసర్లు టూరు మీద వస్తున్నారు. ఊరు కళకళలాడాలి. భోజనాలు బ్రహ్మాండంగా ఉండాలి." భోజనాల ఖర్చు సర్కారే ఇచ్చింది. అది పటేలు గడప లోపలికి పోయింది గానీ బయటికి రాలేదు.

పటేలు ఊళ్ళో చాటింపు వేయమన్నాడు. డప్పు కొట్టి చాటే సుంకరికి టూరు అంటే ఏం తెలుసు? ఆఫీసర్లు ఊళ్ళ మీద తిరగడానికి మా వైపు ఒకటే మాట ఉంది. నిజాం కాలం నుంచి ఉన్నదే. ఆ మాటే చాటాడు.

"ఇనుండ్రి! ఎల్లుండి ఆఫ్రికా సాబులు మన ఊరికి దౌరా మీద వస్తున్నరు! అందరు హుషారుగ ఉండాలె!"

మా వైపు హుషారు అంటే సంతోషమే కాదు, జాగ్రత్త కూడా. దౌరా అన్న మాట పక్కన పడేసరికి ఊరు ఊరంతా రెండో అర్థమే తీసుకుంది.

దౌరా అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. గిర్దావరు గానీ, తహసీల్దారు గానీ, పోలీసు అమీను గానీ దౌరా మీద వస్తే ఊరంతా వెట్టికి నిలబడవలసిందే. గొల్లవాళ్ళు మేకో గొర్రో తోలుకురావాలి. కుమ్మరి కుండలు తేవాలి, గౌండ్లవాళ్ళు కల్లు తేవాలి. ఆడవాళ్ళు చావడి దగ్గర వడ్లు దంచాలి, కారం దంచాలి. సాబు వెళ్ళేటప్పుడు ఆయన సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా మోయాలి. పైసా ఇచ్చేది లేదు, మంచి మాట అనేదీ లేదు. అక్క పుట్టినప్పుడు అమ్మ పచ్చి బాలింతగా ఉండగా దౌరా వచ్చింది. చావడికి పట్టుకుపోయి కారం దంచమన్నారట. ఇంట్లో పసిపిల్ల ఏడుస్తోంది, ఇక్కడ తన రైక పాలతో తడిసిపోతోంది, అయినా రోకలి ఆపనివ్వలేదట. పొద్దు వాలాక ఇంటికొచ్చి, ఆ కారం చేతులతో పిల్లను ఎత్తుకోలేక, కుడితి గోలెంలో చేతులు ముంచి కూర్చుని ఏడ్చానని చెప్పేది. ఆ వెట్టిని పారదోలడానికి ఎన్ని ఊళ్ళు కర్ర పట్టాయో, ఎంతమంది నేలకూలారో మా వైపు ముసలివాళ్ళను అడగండి. నిజాం పోయాడు, చట్టాలు వచ్చాయి, ఓట్లు వచ్చాయి. పటేలు మాత్రం పటేలుగానే ఉన్నాడు.

ఈ చాటింపు సంగతి నాకు తెలియదు. ఆ పొద్దు దేవరకొండలో వ్యానెక్కి అతిథులతో పాటే ఊరికి వచ్చాను. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు, మిగిలినవాళ్ళు మగవాళ్ళు. అందరిలోకీ పెద్దాయన తల నెరిసినవాడు, తూర్పు ఆఫ్రికా వైపు మనిషి. ఏది చూసినా ఆగి అడిగేవాడు. వ్యాను నడిపేది పట్నం ముసల్మాను, అందరూ చాచా అని పిలిచేవాళ్ళు. ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి నాతో తెలుగులో అన్నాడు.

"వీళ్ళకేం తెలుస్తుందిలెండి, మీరు నాలుగు ముక్కలు చెబితే చాలు. ఏం పెట్టినా తింటారు."

వాళ్ళకు తెలుగు రాదన్న ధైర్యం. వినేదాన్ని నేను ఏమనుకుంటానో అన్నది లెక్కలోనే లేదు. మా ఊరి మనుషుల గురించి కూడా ఇట్లాగే అనుకుంటున్నాడని నాకు అప్పుడే తెలియాల్సింది.

ఊళ్ళో దిగితే నరపురుగు లేదు. తలుపులకు గొళ్ళేలు పెట్టి ఉన్నాయి. అరుగుల మీద ముసలివాళ్ళు లేరు, వాకిళ్ళలో కోళ్ళు లేవు. ఊరి బడి ముందర పందిరి వేసి, మామిడాకులు కట్టి, పటేలు తలపాగా చుట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. పక్కన ఆయన మనుషులు ఇద్దరు ముగ్గురు. వెనక పొయ్యి మీద కూర ఉడుకుతున్న వాసన వస్తోంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, అదిగో అట్లా ఉంది.

ఆఫీసరు ముఖం మాడిపోయింది. "జనమంతా జాతరకు పోయారని చెప్పండి," అన్నాడు నాతో.

ఆయన అన్నాడనే చెప్పాను, జనం జాతరకు పోయారని ఆఫీసరు గారు అంటున్నారని. పెద్దాయన నా ముఖంలోకి చూసి తల ఊపాడు.

భోజనానికి ముందు గుట్ట ఎక్కాలన్నది ఏర్పాటు. ఎక్కాం. పైన కోట గోడ మీద కూర్చున్నాక పెద్దాయన మాట్లాడాడు. తమ దేశంలో చూడటానికి గడ్డి మైదానాలు, సింహాలు, ఏనుగులు ఉన్నాయన్నాడు. ముందు తెల్లవాళ్ళు తుపాకులతో వచ్చేవాళ్ళు, ఇప్పుడు కెమెరాలతో వస్తున్నారు. జంతువులు బాగా కనబడాలని, తరతరాలుగా అక్కడ పశువులు మేపుకునేవాళ్ళను ఆ గడ్డిలోంచి తరిమేశారు. హోటళ్ళు పరాయివాళ్ళవి, వాటిలో పెట్టెలు మోసేది తమవాళ్ళు. స్వతంత్రం వచ్చింది కాబట్టి ఇది మారాలి, ఎట్లా మార్చాలో నేర్చుకోవడానికే తిరుగుతున్నాను అన్నాడు. ఆ తరువాత ఆఫీసరును సూటిగా అడిగాడు, మేము రావడం వల్ల కింద ఉన్న ఆ ఊరికి వచ్చే లాభం ఏమిటని.

ఆఫీసరు గొంతు సవరించుకుని, ఊరి పేరు పెరుగుతుందని చెప్పాడు.

పెద్దాయన కిందికి చూశాడు. గుట్ట కింద ఆముదపు చేలు, మనిషి ఎత్తు మొక్కలు. పైనుంచి చూస్తే వాటి మధ్యన రంగు రంగుల చీరెలు, తెల్ల తలపాగలు. మా ఊరంతా అక్కడే ఉంది. గొర్రెలు, మేకలు, చంకన పిల్లలు, బుట్టల కింద కోళ్ళు. వరుసల మధ్య గొంతుక్కూర్చుని, తలలెత్తి గుట్ట మీదికి చూస్తున్నారు.

"జాతర అదేనా?" అని అడిగాడు.

మావాళ్ళు ఎందుకు దాక్కున్నారో నాకూ అర్థం కాలేదు. కిందికి దిగేసరికి చాచా వ్యానుకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"బేటీ, సుంకరితోని మాట్లాడిన. దౌరా వస్తున్నదని డప్పు కొట్టిండంట. దౌరా అంటె ఎవడుంటడు ఊర్ల? నేనైన ఉరుకుత."

అప్పుడు అర్థమైంది నాకు. పెద్దాయనను పక్కకు పిలిచి అంతా చెప్పాను. దౌరా అంటే ఏమిటో, చావడి ఏమిటో, కారం దంచిన మా అమ్మ చేతుల గురించీ చెప్పాను. ఆఫీసరు అవతల పటేలును తిడుతూ ఉన్నాడు కాబట్టి నాకు అడ్డుపడలేదు.

పెద్దాయన అన్నాడు, మా దగ్గర దానికి సఫారీ అని పేరు. తెల్ల దొర జిల్లా తిరగడానికి బయలుదేరితే ఊళ్ళ మీద పడి మనుషులను పట్టుకునేవాళ్ళు. గుడారాలు, మంచాలు, సీసాల పెట్టెలు, అన్నీ నెత్తి మీద మోయాలి. మా నాన్న మోశాడు. చచ్చేదాకా మెడ నిటారుగా నిలపలేకపోయాడు. ఇప్పుడు అదే మాటను రంగు బొమ్మల కింద అచ్చువేసి, సఫారీకి రండి అని అందరినీ పిలుస్తున్నాం. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు మా నాన్న మెడే కనబడుతుంది అన్నాడు.

చాచాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. "సఫరీనా? సఫర్! గది మన మాటనే గద!" అని ముసిముసిగా నవ్వాడు. సఫర్ అంటే ఉర్దూలో ప్రయాణం. నేను ఆ మాట చెప్పగానే పెద్దాయన చాచా భుజం మీద చేయి వేశాడు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి మా చెలకలు. మాట ఒకటే, మోత ఒకటే.

భోజనాలకు బడి వరండాలో చాపలు పరిచారు. మోదుగ విస్తర్లలో అన్నం, జొన్నరొట్టెలు, నెయ్యి, ఎర్రటి మాంసం కూర. అతిథులు బాసింపట్టు వేసుకుని శ్రద్ధగా కూర్చున్నారు. పెద్దాయన విస్తరి వైపు చూసి ఆఫీసరును అడిగాడు, ఇదంతా ఎవరిచ్చారని.

ఆఫీసరు లేచి నిలబడి మరీ చెప్పాడు. ఇంగ్లీషు వచ్చినవాడే, అయినా అట్లాంటి మాటలు తెలుగులో చెబితేనే అందమనుకున్నాడో ఏమో, నన్ను తర్జుమా చేయమన్నాడు.

"మా పల్లె ప్రజలు పేదవాళ్ళే గానీ మనసు పెద్దదండీ. అతిథి వచ్చాడంటే వాళ్ళను అడగనక్కర్లేదు. ఉన్నదంతా సంతోషంగా తెచ్చి ముందు పెడతారు. వద్దన్నా ఊరుకోరు!"

తు.చ. తప్పకుండా చెప్పాను. ఆ మాటలు నోట్లో ఉండగానే గడ్డి తిన్నట్టు అనిపించింది. వాళ్ళు తినడం మొదలుపెట్టారు. ఒక ఆమె కూర చాలా బాగుందని నాకు సైగ చేసింది. నేను చేతులు కడుక్కుందామని బడి వెనక్కి వెళ్ళాను.

వెనక తుమ్మ కంప దడి మీద తోలు ఆరవేసి ఉంది. నల్ల తోలు. దాని పక్కనే కొమ్మకు గుచ్చి తల. కుడి చెవి మీద తెల్ల మచ్చ.

పాలిచ్చే మేకను ఎవడైనా కోస్తాడా? కసాయివాడు కూడా కోయడు. బడికి ఎదురుగా పటేలు దొడ్డి కనబడుతూనే ఉంది. అందులో బలిసిన మేకపోతులు నెమరేస్తూ నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద కత్తి పెట్టడానికి పటేలుకు చేయి రాలేదు. ఊరివాళ్ళు మందలను తోలుకుని చేలలోకి పోయారు కాబట్టి దొరికింది మాది ఒక్కటే. కాలికి ముల్లు దిగి కుంటుతుంటే అమ్మ పొద్దున్నే పాలు పిండుకుని, దాన్ని ఇంటి వెనక గుంజకు కట్టి, ఇంత ఆకు వేసి పోయిందట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా పిల్లవాడి పాలను పటేలు ఆఫ్రికాకు దానం చేశాడు. దాన్ని ఆఫీసరు సంతోషం అన్నాడు. నేను ఇంగ్లీషులోకి మార్చాను.

వరండాలోకి ఎట్లా వచ్చానో తెలియదు. వాళ్ళ మధ్యన నిలబడి ఇంగ్లీషులో అన్నాను. ఇది మా అమ్మ మేక. ఎవరూ ఇవ్వలేదు. మనిషి లేని ఇంట్లోంచి ఈడ్చుకొచ్చారు. మా అక్క కొడుకు, నెలల పిల్లవాడు, దీని పాలతో బతుకుతున్నాడు.

విస్తర్లలో చేతులు ఆగిపోయాయి. కూర బాగుందన్న ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన లేచాడు, ఆయన వెంట అందరూ లేచారు.

"ఏం మాటలవి? అసలు బుద్ధుందా నీకు?" అని ఆఫీసరు నా మీదికి వచ్చాడు. పొద్దుటి నుంచి మీరు మీరు అన్న మనిషి.

అప్పుడే అమ్మ వచ్చింది. చంకలో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాల వేళకు ఇంటికి వచ్చి, ఖాళీ గుంజను చూసి, ముల్లు దిగిన కాలి నుంచి పడ్డ రక్తం చుక్కల వెంట బడి దాకా నడిచి వచ్చింది. తెంపిన తాడు చేతిలోనే ఉంది. నా పక్షాన నాలుగు మాటలు అంటుందని నేను అనుకుంటే, వచ్చీ రాగానే నన్నే తగులుకుంది.

"ఏందే, ఆకుల ముందటికెల్లి మనుషులు లేసిన్రేంది? నువ్వే లేపినవా?"

"మన మేకనే కోసిన్రు అమ్మా!"

"నాకెరుకనే. తినేటోళ్ళకు ఎరుకనా అది ఎవల మేకనో? సగం బువ్వల మనిషిని లేపుతరా? గిదేనా నువ్వు సదువుకున్నది?" అని, వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. దౌరా సాబులంటే తెల్లగా, టోపీలతో ఉంటారని అనుకుందేమో, గొంతు తగ్గింది. "మన లెక్కనే ఉన్నరు గదనే వీళ్ళు. తినుమని చెప్పు. ఎట్లన్న అది పాయె. ఆకుల ఇడిచిపెడితె లేసి నడుస్తదా?"

చెప్పాను. నాకు ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది, అమ్మ మీద కూడా వస్తోంది. పెద్దాయన నేను చెప్పింది విని, అమ్మకు చేతులు జోడించి, మళ్ళీ కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు కూర్చోలేకపోయారు.

అమ్మ పటేలు వైపు తిరిగింది.

"పటేలా, దౌరా దినాలు ఇంక ఉన్నయనుకున్నవా?"

"సాబుల ముందట లొల్లి చెయ్యకు. రేపు మాట్లాడుదం తీయ్," అన్నాడు పటేలు మెల్లగా.

"రేపటి దాక పిల్లగాడేం తాగాలె? నీ తలపాగ పిండుకొని తాగాలెనా?"

పటేలు నోరు తెరిచే లోపల పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టి, అమ్మ బజారు దాటింది. నేరుగా పటేలు దొడ్డిలోకి పోయింది. గడియ తీసింది. మేకల మధ్యన నడిచి, పొదుగులు తడిమి చూసి, ఒకదాన్ని ఎంచుకుంది. కొత్తగా ఈనిన ఎర్ర మేక. తన చేతిలోని తాడునే దాని మెడకు కట్టి బయటికి తోలుకొచ్చింది.

"ఏయ్! ముట్టకు! అది నా మేక! పట్టుకోండ్రి దాన్ని!" అని పటేలు కేకలు వేశాడు. ఆయన మనుషులు అతిథులను చూసి కదల్లేదు.

పెద్దాయన నన్ను అడిగాడు, ఆయన ఏమంటున్నాడని. అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. ఆఫీసరు కూడా చూస్తున్నాడు. పిల్లవాడు నా మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు.

నేను ఇంగ్లీషులో, అందరికీ వినబడేట్టు చెప్పాను. "మా ఆఫీసరు గారు చెప్పారు కదా, ఇక్కడివాళ్ళను అడగనక్కర్లేదని. ఆయన తన మేకను సంతోషంగా ఇస్తున్నారు. వద్దన్నా ఊరుకోవడం లేదు."

ముందు పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తరువాత అందరూ కొట్టారు. ఇంగ్లీషు రాని పటేలు, తనకేదో గౌరవం జరుగుతోందనుకుని, అరవడం ఆపి దండం పెట్టాడు. ఇంగ్లీషు వచ్చిన ఆఫీసరు నన్ను కొరకొరా చూశాడు. కాదంటే తన మాట అబద్ధమవుతుంది. నన్ను చూసిన ఆ చూపు మాత్రం ఊరికే పోలేదు. ఎండాకాలం సెలవులు కాకముందే నాకు అచ్చంపేట అవతలికి బదిలీ అయింది. ఆయన మాత్రం పెద్ద ఉద్యోగానికి పోయాడని విన్నాను. అతిథి మర్యాద గురించి ఇంకెన్ని చోట్ల లేచి నిలబడి చెప్పాడో.

ఎర్ర మేక బజారు మధ్యలో మొరాయించింది. దాని పిల్ల దొడ్డి గుమ్మంలోనే నిలబడి అరుస్తోంది, తల్లి అడుగు వేయదు. అమ్మ తాడు లాగుతోంది. ఆముదపు చేల నుంచి ఒక్కొక్కరుగా జనం వచ్చి గోడల పక్కన నిలబడ్డారు గానీ దగ్గరికి రావడానికి ఇంకా భయమే. అప్పుడు పెద్దాయన చేయి కడుక్కుని వరండా దిగాడు. దొడ్డిలోకి పోయి, వంగి, ఆ పిల్లను ఎత్తి, దాని కాళ్ళు రెండు పక్కలా పట్టుకుని మెడ మీద వేసుకున్నాడు. తెల్ల చొక్కా నిండా మట్టి. అమ్మ వెంట మా ఇంటి దాకా బజారు బజారంతా నడిచాడు. మేక మారుమాట లేకుండా ఆయన వెనక నడిచింది.

మా వాకిట్లో మేకపిల్లను దించాక, ఆయన మెడ సవరించుకుంటూ నాతో అన్నాడు, ఇది ఎవరూ మోయమంటే మోసింది కాదు అని మీ అమ్మకు చెప్పమని.

చెప్పాను. అమ్మ మేక ముందర గొంతుక్కూర్చుని, పొదుగు కడుగుతూ, చుట్టూ చేరిన ఆడవాళ్ళతో అంది.

"దౌరాకొచ్చినోళ్ళ మూటలు మనం మోసుడే ఇన్నొద్దులు చూసిన. దౌరాకొచ్చినోడు మన మూట మోసుడు ఇయ్యాల్నే చూస్తున్న."

నా చేతుల్లోంచి పిల్లవాణ్ణి తీసుకుని, గిన్నెలో పడ్డ మొదటి పాలు వాడి నోట్లో పోసింది.